మన వంటింటి కాపలాకు జీతం ఎవరిస్తున్నారు?



పాలల్లో నీళ్ళు కలిపితే మనకు తెలిసిపోతుంది. కాచినప్పుడు మీగడ కట్టదు, తోడు పెడితే పెరుగు గట్టిగా తోడుకోదు. బియ్యంలో రాళ్ళుంటే చేట చెబుతుంది, పప్పు పుచ్చిపోతే చెయ్యే చెబుతుంది. తరతరాలుగా మన కన్నూ ముక్కూ నాలుకా చెయ్యీ మనకు పరీక్ష సాధనాలు. కాని ఈ కాలంలో ఇంట్లోకి వచ్చే కొన్ని పదార్థాలకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మంచినీళ్ళ సీసాలో పురుగుమందు జాడ, బ్రెడ్డులో రసాయనం, తేనెలో చక్కెర పాకం - వీటిని ఎంత నేర్పున్న ఇల్లాలైనా పసిగట్టలేదు. వాటిని పట్టుకోవాలంటే యంత్రాలు కావాలి, చదువుకున్న మనుషులు కావాలి, వాళ్ళకు జీతాలు కావాలి.

"అందుకు ప్రభుత్వం ఉంది కదా!" అంటారు మీరు. ఉంది. ఆహార భద్రతకు 2006 లో చట్టం చేశారు, దాని కింద ఒక అధికార సంస్థ ఉంది, తనిఖీ అధికారులున్నారు. కాని ఒక్కొక్కప్పుడు తప్పు దుకాణంలో ఉండదు, నిబంధనలోనే ఉంటుంది. నిబంధనే వదులుగా ఉన్నప్పుడు, దాని ప్రకారం తనిఖీ చేసిన అధికారి "అంతా సవ్యంగానే ఉంది" అని రాసి వెళతాడు. ఆ నిబంధన చాలదు అని బయటినుంచి ఒకరు గట్టిగా చెప్పాలి. అలా చెప్పడమే పనిగా పెట్టుకున్న లాభాపేక్ష లేని సంస్థలు మన దేశంలో కొన్ని ఉన్నాయి. వాటి పని ఎట్లా జరుగుతుంది, ఖర్చు ఎట్లా గడుస్తుంది అన్నది ఈ పూట చెప్పుకుందాం.

ఉదాహరణకు ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్‌ను తీసుకుందాం. ఐ.ఐ.టి. లో ఇంజనీరింగు చదివి, పత్రికా రచయితగా మారిన అనిల్ అగర్వాల్ దీన్ని 1980 లో స్థాపించారు. దేశంలోని నీరు, గాలి, నేల స్థితిగతుల మీద 1982 లో ఈ సంస్థ ప్రజల తరఫున ఒక నివేదిక వేసింది. 1992 నుంచి 'డౌన్ టు ఎర్త్' అనే పత్రికను నడుపుతోంది. 2002 లో అగర్వాల్ మరణించాక, అంతకు ఇరవై ఏళ్ళ ముందు చేరిన సునీతా నారాయణ్ అనే మహిళ ఆ భారాన్ని నెత్తికెత్తుకున్నారు.

ఇటువంటి సంస్థ పనిలో మూడు మెట్లున్నాయి. మొదటిది పరీక్షించడం. రెండవది కనుక్కున్నది దాచకుండా అచ్చువేసి చెప్పడం. మూడవది నిబంధన మారేదాకా ప్రభుత్వం చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగడం. మూడవ మెట్టు లేకపోతే మొదటి రెండూ ఒకరోజు పత్రికలో వార్తగా మిగిలిపోతాయి.

మొదట నీళ్ళ సంగతి. సీసాల్లో అమ్మే మంచినీళ్ళలో పురుగుమందుల అవశేషాలున్నాయని 2003 ఫిబ్రవరిలో ఈ సంస్థ ప్రకటించింది. అప్పటి నిబంధన ఏమంటే, నీళ్ళలో పురుగుమందు "పరీక్షకు దొరకనంతగా" ఉండాలి. వినడానికి ఎంత బాగుందో చూడండి! కాని ఆ పరీక్ష పద్ధతే మొద్దుది. చిల్లుల జల్లెడలో పిండి జల్లించి, నలకలు లేవన్నట్టుంది వ్యవహారం. గొడవ జరిగాక నిబంధనను అంకెల్లో రాశారు. లీటరు నీళ్ళలో అన్ని పురుగుమందులూ కలిపి అర మైక్రోగ్రాముకు మించకూడదన్నారు. ఐరోపా దేశాల్లో తాగేనీటికి ఉన్న కొలతే అది. అర మైక్రోగ్రామంటే ఎంత? పదివేల లీటర్ల నీళ్ళ ట్యాంకర్లు రెండు వందలు వరసగా నిలబెట్టి, వాటన్నిటిలో కలిపి ఒక్క గ్రాము మందు వేస్తే వచ్చే పాలు. అంత చిన్న మోతాదును పట్టే యంత్రం ఖరీదైనది, దాన్ని నడిపే మనిషికి అనుభవం ఉండాలి. ఖర్చు అక్కడే మొదలవుతుంది.

అదే ఏడు ఆగస్టులో పన్నెండు రకాల కూల్ డ్రింకుల్లోనూ పురుగుమందులున్నాయని సంస్థ చెప్పింది. దేశమంతా అల్లకల్లోలమైంది. కంపెనీలు కాదన్నాయి. ప్రభుత్వ లాబరేటరీలు పరీక్షించి, అవశేషాలున్న మాట నిజమే గాని సంస్థ చెప్పినంత లేవన్నాయి. చివరకు పార్లమెంటు ఉభయ సభల సభ్యులతో శరద్ పవార్ అధ్యక్షతన ఒక సంఘం వేశారు. అంతకుముందు అటువంటి సంఘాలు మూడే వచ్చాయి - ఫిరంగుల కొనుగోలు మీద ఒకటి, షేర్ల కుంభకోణాల మీద రెండు. ప్రజల ఆరోగ్యం గురించి వేసిన మొదటి సంఘం ఇదే. 2004 ఫిబ్రవరిలో ఆ సంఘం, పానీయాల్లో పురుగుమందులున్నాయని సంస్థ కనుక్కున్నది సరైనదేనని తేల్చింది.

ఇక బ్రెడ్డు. పిల్లల టిఫిను డబ్బాలో మనం రోజూ పెట్టేదే. పిండి బాగా పొంగడానికి, ముక్క తెల్లగా మెత్తగా రావడానికి పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం కలిపేవారు. అది మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1999 లోనే వర్గీకరించింది. ఐరోపాలో దాన్ని నిషేధించారు, మన దేశంలో మాత్రం అనుమతి ఉండేది. 2016 మేలో ఈ సంస్థ ఢిల్లీలో కొన్న 38 నమూనాలు - బ్రెడ్డు, పావ్, బన్ను, పిజ్జా వగైరా - పరీక్షించి, నూటికి 84 వాటిలో పొటాషియం బ్రోమేట్ గాని అయొడేట్ గాని ఉన్నదని ప్రకటించింది. బ్రెడ్డు తయారీదార్ల సంఘం వాడకం మానుతామన్నది. మరుసటి నెలలోనే ప్రభుత్వం బ్రోమేట్‌ను అనుమతి జాబితానుంచి తీసేసింది. పరీక్షించింది ఢిల్లీ బ్రెడ్డును. మేలు కలిగింది మన ఊరి బేకరీలో కొనుక్కునే మనక్కూడా.

అన్ని పనులూ ఇంత తొందరగా తెమలవు. 2020 డిసెంబరులో ఇదే సంస్థ పదమూడు రకాల తేనెలను పరీక్ష చేయించింది. మన దేశపు మామూలు పరీక్షల్లో చాలా రకాలు నెగ్గాయి. జర్మనీ పంపి మరింత సూక్ష్మమైన పరీక్ష చేయిస్తే మూడే నెగ్గాయి. మామూలు పరీక్షలకు దొరక్కుండా ఉండేలాగే చక్కెర పాకాలు తయారవుతున్నాయని సంస్థ వాదన. కంపెనీలు ఒప్పుకోలేదు, మా తేనె స్వచ్ఛమైనదేనన్నాయి. దొంగ కొత్త తాళంచెవి చేయించుకుంటే మనం కొత్త తాళం కొనాలి. ఆ తాళానికీ డబ్బు కావాలి.

ఇక డబ్బు సంగతికి వద్దాం. లెక్కలంటే మనకు కొత్త కాదు. నెల మొదట్లో జీతం చేతికి రాగానే అద్దెకింత, పాలకింత, బడికింత అని విడదీసి పెట్టేది మనమే. సంస్థ పద్దు కూడా అటువంటిదే.

ఇటువంటి సంస్థకు డబ్బు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది గ్రాంటు. "ఫలానా పనికి, ఇన్నేళ్ళకు, ఇంత" అని రాసి ఇచ్చేది. పుట్టింటివారు పసుపు కుంకుమకని ఇచ్చిన డబ్బు బియ్యానికి ఖర్చు పెట్టలేం కదా, ఇదీ అంతే. నదుల మీద పనికి వచ్చిన గ్రాంటు తేనె పరీక్షకు పనికిరాదు. రెండవది స్వేచ్ఛగా వాడుకోదగిన సొమ్ము. చిన్న చిన్న విరాళాలు, పత్రిక చందాలు, పుస్తకాల అమ్మకం, శిక్షణ తరగతుల ఫీజు ఇందులోకి వస్తాయి. మూడవది కదపకుండా బాంకులో వేసి, వడ్డీ మాత్రం వాడుకునే మూలధనం. ఢిల్లీ సంస్థకు ఈ మూడు దారులూ ఉన్నాయి. గ్రాంటుల్లో స్వీడన్, జర్మనీ వంటి దేశాలనుంచి వచ్చినవీ ఉన్నాయి. నీటి విషయంలో చేసిన కృషికి 2005 లో స్టాక్‌హోం జల బహుమతి కూడా వచ్చింది. దాని విలువ లక్షా యాభై వేల డాలర్లు.

ఈ మూడింటిలో రెండవదే సంస్థకు ప్రాణం. ఎందుకంటారా? రేపు ఏ సరుకును పరీక్షించాలన్నది ముందుగా ఎవరికీ తెలియదు. అనుమానం వచ్చిన రోజున ఎవరి అనుమతీ అడక్కుండా తీసి ఖర్చుపెట్టగల డబ్బు అదొక్కటే. పోపుల డబ్బాలో మనం దాచుకునే డబ్బు లాంటిదన్నమాట.

"విదేశాల డబ్బు తీసుకునేవాళ్ళ మాట ఎట్లా నమ్మడం? ఎవరి ఉప్పు తింటే వారి మాటేగా!" అని కూల్ డ్రింకుల గొడవలో కొందరు అడిగారు. ఆ ప్రశ్నలో తప్పు లేదు, అడగవలసిందే. దానికి జవాబు రెండు విధాలు. ఒకటి, పద్దు తెరిచి చూపాలి. రెండు, పరీక్ష ఎట్లా చేశారో పూర్తిగా రాసిపెట్టాలి - ఎక్కడ కొన్నారు, ఏ తేదీన, ఏ పద్ధతిలో చూశారు అని. అప్పుడు అనుమానం ఉన్నవాళ్ళు తామే మళ్ళీ చేసి చూసుకోవచ్చు. పార్లమెంటు సంఘం చేసింది కూడా ఇదే. డబ్బు ఇచ్చినవారి ఊరి పేరుతో ఆగిపోలేదు, పరీక్షను తరచి చూసింది.

విదేశీ విరాళాలకు మన దేశంలో గట్టి చట్టం ఉంది. 1976 లో మొదట వచ్చింది, 2010 లో మార్చి రాశారు, 2020 లో మరింత బిగించారు. ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. అందులో ఆఫీసు నిర్వహణకు నూటికి ఇరవైకి మించి వాడకూడదు. అంతకుముందు ఈ పరిమితి యాభై. ఒక సంస్థ తీసుకుని మరో చిన్న సంస్థకు పంచిపెట్టడానికి వీల్లేదు. ఏటా ప్రభుత్వానికి లెక్క అప్పగించాలి. అనుమతి రద్దయితే ఆ దారి మూసుకుపోతుంది. అందుచేత ఒకే దారిని నమ్ముకున్న సంస్థ ఎప్పుడూ ఒంటికాలి మీద నిలబడ్డట్టే.

ఇక ఖర్చు. "విరాళాల డబ్బు జీతాలకు పోతోందట" అని మనం చప్పున అనేస్తూ ఉంటాం. అన్నదానం చేసే సంస్థ అయితే బియ్యం ఖర్చు ఎక్కువ ఉండాలి, నిజమే. కాని పరీక్షలు చేసి, నివేదికలు రాసి, కోర్టులో వాదించే సంస్థకు మనిషే సరుకు. రసాయన శాస్త్రజ్ఞుడి జీతమే అక్కడ బియ్యం. కాబట్టి జీతాలు ఎంత అని మాత్రమే చూడకండి. ఆ జీతాలకు ఏ పని జరిగిందో చూడండి.

మీ గుమ్మంలోకి ఎవరైనా పర్యావరణం పేరు చెప్పి రసీదు పుస్తకంతో వస్తే ఈ నాలుగు మాటలూ అడగండి. సంస్థ రిజిస్టరయిందా? ఆడిటరు సంతకం చేసిన నిరుటి లెక్క చూపగలరా? ఆదాయంలో ఎక్కువ భాగం ఒక్కరి దగ్గర్నుంచే వస్తున్నదా? ఎవరి సరుకును పరీక్షిస్తున్నారో వారి దగ్గరే డబ్బు తీసుకుంటున్నారా? చివరి ప్రశ్నకు "అవును" అని జవాబొస్తే మర్యాదగా నమస్కారం పెట్టి పంపేయండి. ఇవ్వదలచుకుంటే చెక్కుగానో బాంకు ద్వారానో ఇవ్వండి. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే 80 జి అని మనకు అలవాటైన పన్ను రాయితీ రాదు. కొత్త పద్ధతి పన్ను ఎంచుకున్నవారికి ఆ రాయితీ ఎటూ లేదు.

విరాళం ఇవ్వలేని ఇల్లాలి చేతిలో కూడా ఒక ఆయుధం ఉంది. ఆహార భద్రతా చట్టం ప్రకారం మనం కొన్న సరుకును మనమే ప్రభుత్వ ఆహార విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే దుకాణదారుతో "దీన్ని పరీక్షకు పంపుతున్నాను" అని చెప్పాలి, నిర్ణయించిన రుసుము కట్టాలి. సరుకులో తప్పుందని తేలితే ఆ రుసుము తిరిగి ఇస్తారు. ఒక్కరికి బరువనిపిస్తే వీధిలో పదిమంది కలిసి కట్టుకోవచ్చు. చిట్టీలు కట్టడం మనకొకరు నేర్పాలా?

మన పిల్లలు తినే తిండి మీద ఎవరో ఒకరు కన్నువేసి ఉంచుతున్నారు. ఆ కాపలాకు ఖర్చు మనం పెట్టకపోతే మరొకరు పెడతారు. అప్పుడు ఏ సరుకు చూడాలో, ఏది చూడనక్కర్లేదో కూడా వాళ్ళే నిర్ణయిస్తారు. పదిళ్ళు కలిసి ఏడాదికి ఒక పత్రిక చందా కట్టినా, ఒక్క సీసా తేనె పరీక్ష చేయించినా, ఆ నిర్ణయంలో మనకూ ఒక మాట దక్కుతుంది. ఈ వారం మీ మహిళామండలి సమావేశంలో ఈ సంగతి ఎత్తి చూడండి.

సెలవు.