కష్టం చేసే ఒంటికి షుగరు రాదా?

షుగరు, బీపీ, గుండెపోటు అంటే కూర్చుని తినేవాళ్ల జబ్బులని మనలో చాలామంది నమ్మకం. మహారాష్ట్రలోని మన చంద్రాపూర్ జిల్లా బల్లార్షాలో బొగ్గు బాయి పనికి పోయేవాడికి, రాజురా చుట్టుపక్కల చేలల్లో పత్తి ఏరే కూలికి అవి అంటవని, రోజంతా చెమటోడ్చే ఒంట్లో ఏ రోగమూ నిలవదని అనుకుంటాం. ఈ నమ్మకానికి జవాబు చంద్రాపూర్ పొరుగునే ఉంది. 1982 దాకా చంద్రాపూర్ జిల్లాలోనే భాగంగా ఉండి తర్వాత విడిపోయిన గడ్చిరోలి అడవుల జిల్లా. అక్కడ ఆఫీసు కుర్చీలు తక్కువ, పొలం పని, అడవి పని ఎక్కువ. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు నెలకొల్పిన ‘సెర్చ్’ సంస్థ పరిశోధకులు అక్కడి 86 పల్లెల్లో రెండేళ్ల కాలంలో ఎవరు దేనివల్ల చనిపోయారో ఇంటింటా ఆరా తీశారు. మలేరియా, క్షయ ముందుంటాయని ఎవరైనా అనుకునే ఆ పల్లెల్లో చావులకు మొదటి కారణం బీపీ, షుగరు తెచ్చిపెట్టే పక్షవాతమని తేలింది. ఆ లెక్కలు 2015లో వెలువడ్డాయి. నూటికి 14 చావులు పక్షవాతం వల్లే. కూర్చుని తినే భాగ్యం ఎన్నడూ లేని మనుషుల లెక్క ఇది.

మరి ఒళ్లు వంచి చేసే పనికి విలువే లేదా అంటే, ఉంది. 1953లో లండన్ బస్సుల సిబ్బంది మీద జెర్రీ మోరిస్ అనే వైద్యుడు చేసిన అధ్యయనం ఇప్పటికీ చెప్పుకోదగ్గది. రోజంతా సీట్లో కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కుతూ దిగుతూ టికెట్లిచ్చే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని ఆయన చూపించాడు. కానీ ఆ లెక్కను చంద్రాపూర్‌కు తెచ్చి చూడండి. తట్టా చెమ్మస్ పట్టి భూగర్భంలో బొగ్గు ఎత్తిన తరం వెళ్లిపోయింది. దుర్గాపూర్ లాంటి ఓపెన్‌కాస్టు గనుల్లో ఇప్పుడు షావెల్ తవ్వుతుంది, డంపర్ మోస్తుంది. వాటిని నడిపే మనిషి ఎనిమిది గంటలు సీట్లోనే ఉంటాడు. ఊరంతా అతణ్ణి ‘బాయి పనోడు’ అనే అంటుంది, అతని ఒళ్లు మాత్రం లండన్ డ్రైవరు ఒళ్లే. పైగా వారం వారం మారే షిఫ్టులు. రాత్రి మేల్కొని పగలు పడుకున్నప్పుడు తిండి వేళ, నిద్ర వేళ తలకిందులై, ఒంట్లో చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచే గడియారమే గాడి తప్పుతుంది. నిజంగా ఒళ్లు వంచి పనిచేసే కూలి విషయంలోనూ ఆ పని కొంత కాపాడుతుందే తప్ప, కంచంలోనూ దవడ కింద పెట్టే పొగాకులోనూ పేరుకున్న తప్పులన్నిటినీ కడిగెయ్యలేదు. గడ్చిరోలి లెక్క చెప్పేది అదే.

కంచం సంగతి కొంచెం వివరంగా చూడాలి. ఈ పక్కన రాజురా, అటు ఆదిలాబాద్, ఆసిఫాబాద్‌లు 1956 దాకా ఒకే జిల్లా. ఆ నేల తిండి జొన్న. జొన్న రొట్టె, గటక, అంబలి, పక్కన ఏదో ఒక పప్పు. తెల్లన్నం పండక్కో, చుట్టం వస్తేనో. ఇప్పుడు ఆ వరస తిరగబడింది. తమాషా ఏమిటంటే, మన ఇళ్లలో ఎంతో ఇష్టంగా వండుకునే హెచ్ఎంటీ సన్నబియ్యం పుట్టిల్లు చంద్రాపూర్ జిల్లానే. నాగ్‌భీడ్ తాలూకా నాందేడ్ అనే పల్లెలో దాదాజీ రామాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు 1983లో తన మడిలో తేడాగా కనిపించిన కొన్ని వెన్నులను విడిగా తీసి, ఏళ్ల తరబడి విత్తనం కట్టి ఈ రకాన్ని తయారుచేశాడు. అప్పట్లో అందరూ మోజుపడే చేతిగడియారం పేరు దానికి అతికింది. ఇంత మేలు చేసి ఆయన సంపాదించుకున్నది పెద్దగా లేదు, 2018లో కన్నుమూశాడు. తప్పు ఆ గింజది కాదు, ఆ రైతుది అంతకన్నా కాదు. మిల్లులో తవుడు, మొలక పూర్తిగా పోయేదాకా పాలిష్ పట్టి, మల్లెపువ్వులా ఉంటే తప్ప కొనని మన కళ్లదే.

తవుడుతోపాటు పోయేది పీచు, మెగ్నీషియం, బి విటమిన్లు. మిగిలేది దాదాపు పిండిపదార్థమే. అడ్డుపడే పీచు లేకపోవడంతో అది పేగుల్లో తొందరగా కరిగి, రక్తంలోకి చక్కెరగా ఒక్కసారిగా చేరుతుంది. దాన్ని సర్దడానికి క్లోమం ఇన్సులిన్‌ను కుమ్మరించాలి. రోజుకు రెండు మూడు పూటలు, ఏళ్ల తరబడి ఇదే వరస సాగితే ఒకనాటికి ఆ గ్రంథి అలసిపోతుంది. ఇది ఊహ కాదు. 21 దేశాల్లో లక్షా 32 వేల మందిని ఏళ్లపాటు గమనించిన ‘ప్యూర్’ అధ్యయనం 2020లో ఫలితాలిచ్చింది. రోజుకు 450 గ్రాములు, ఆపైన తెల్లన్నం తినేవారికి, 150 గ్రాముల లోపు తినేవారి కంటే షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. అన్ని దేశాలూ కలిపితే ఆ తేడా 20 శాతమే కాగా, మన దక్షిణాసియాలో 61 శాతం. 450 గ్రాముల అన్నమంటే బియ్యం కాదు, వండిన అన్నం. మన ఇళ్లలో అది ఒక పూటకే సరిపోని మాట! జొన్నలోనూ పిండిపదార్థమే ఎక్కువన్నది నిజమే, దాన్ని మందులా అమ్మజూపే ప్రకటనలను నమ్మక్కర్లేదు. కానీ పొట్టుతో సహా పిండి పట్టిన జొన్నరొట్టె నమలాలి, నెమ్మదిగా అరుగుతుంది, రెండు తింటే కడుపు నిండుతుంది. అన్నం అలా ఆపదు.

‘నేను బక్కగానే ఉన్నాను కదా, నాకెందుకొస్తుంది’ అనేది తర్వాతి ధీమా. దీనికి జవాబు మహారాష్ట్రలోనే, పుణెలో దొరికింది. అక్కడి కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకే అంకె, 22.3. కొవ్వు కొలిస్తే ఇంగ్లండు ఆయన ఒంట్లో 9.1 శాతం, మన పుణె డాక్టరు ఒంట్లో 21.2 శాతం. మనవాళ్ల సన్నని కాళ్లూ చేతుల మాటున కండ తక్కువ, పొట్ట లోపల కొవ్వు ఎక్కువ. త్రాసు చెప్పే బరువు కంటే నడుముకు చుట్టిన టేపు ఎక్కువ నిజం చెబుతుంది.

ఇక చంద్రాపూర్ దాటి పోకూడని, కానీ ఇప్పటికే సరిహద్దు అటువైపు చేరిన అలవాటు ఖర్రా. వక్కముక్కలు, తంబాకు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి బాగా రుద్ది పొట్లం కట్టి ఇస్తారు. విదర్భలో టీ కొట్టు లేని మలుపు ఉంటుందేమో గానీ ఖర్రా దొరకని మలుపు కష్టం. ఆకలి చంపుతుంది, నైట్ షిఫ్టులో నిద్ర ఆపుతుంది, నలుగురిలో పంచుకుంటే స్నేహం కలుపుతుంది. మానమని చెప్పేవాళ్లు ముందు ఈ మూడింటినీ ఒప్పుకోవాలి. దీని వల్ల నోటి కేన్సర్ వస్తుందని పొట్లం కట్టేవాడికీ తెలుసు. తెలియనిది రెండు సంగతులు. ఒకటి, తంబాకు తీసేసినా వక్క ఒక్కటే కేన్సర్ కారకమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. నోరు తెరుచుకోక, కారం తగిలితే మండిపోయే స్థితి వక్క తెచ్చేదే. రెండోది, నమిలే పొగాకు దెబ్బ నోటితో ఆగదు. 52 దేశాల్లో గుండెపోటు రోగులను పరిశీలించిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనంలో పొగాకు నమిలేవారికి గుండెపోటు అవకాశం రెండింతలకు పైగా కనిపించింది. సిగరెట్టు మానేసి ఖర్రా పట్టినవాడు రోగం మార్చుకోలేదు, దుకాణం మార్చుకున్నాడంతే. మహారాష్ట్ర 2012లో గుట్కాను నిషేధించింది. చంద్రాపూర్ జిల్లాలోనైతే 2015 నుంచి 2021 దాకా మద్యనిషేధమే నడిచింది, దొంగ సారా, నేరాలు పెరిగాయంటూ ప్రభుత్వమే ఎత్తేసింది. కొట్టు మూయించినంత తేలిక కాదు అలవాటు మూయించడం.

ఉప్పు గురించి ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు చాలంటుంది, మనం దాదాపు రెట్టింపు తింటున్నాం. చంద్రాపూర్ ఎండకు చెమటలో ఉప్పు పోతుంది కదా అంటారు. మే నెలలో గంటల తరబడి ఎండలో పనిచేసిన రోజు మజ్జిగలో వేసుకునే చిటికెడు వేరు. ఏడాది పొడవునా మూడు పూటలా పచ్చడి, అప్పడం, మిక్చరు రూపంలో లోపలికి పోయేది వేరు.

ఇంత చెప్పాక వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికంటే బలమైనది గాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో పారిశ్రామిక ప్రాంతాల కాలుష్యాన్ని లెక్కగడితే చంద్రాపూర్ 83.88 మార్కులతో దేశంలో నాలుగోది. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, చుట్టూ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. పొగ పీల్చేవాడి దగ్గరకొచ్చి జొన్నరొట్టె తినమనడం వెటకారంగా ఉంటుందనడంలో న్యాయముంది. సన్నని ధూళి ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి చేరి గుండెకూ మెదడుకూ కీడు చేస్తుందన్నది స్థిరపడిన విషయం. తిండి మాటను ఫ్యాక్టరీలకు సాకుగా వాడనివ్వకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కథ తెలిసినవాళ్లు ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అక్కడి కొబ్బరి తోటల పల్లెల్లో వేలమంది కిడ్నీలు పోగొట్టుకున్నారు, వాళ్లలో చాలామందికి షుగరూ లేదు, బీపీ ముందుగా రాలేదు. ప్రతి దీర్ఘరోగాన్నీ రోగి నోటికే అంటగట్టడం అన్యాయం. అయితే వాదం ఇక్కడితో ఆగదు. పొగకు అలసిన గుండె మీద ఖర్రా, అదుపులేని బీపీ కూడా చేరితే ప్రమాదం ఒకదానికొకటి తోడై పెరుగుతుంది. చిమ్నీ మీద పోరాటం ఏళ్లు పడుతుంది, పట్టాలి కూడా. ఆలోగా ఇంట్లో చేయగలిగింది ఆపుకోనక్కర్లేదు.

‘మా తాత అన్నమే తిని తొంభై ఏళ్లు బతికాడు’ అనేది అందరికీ తెలిసిన అభ్యంతరం. ఆ తాత తిన్నది దంపుడు బియ్యం, నడిచింది మైళ్లు. అంతకంటే ముఖ్యం, స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల చుట్టూ ఉండేది. పసితనంలోనే పోయినవాళ్లు, కలరాతో పోయినవాళ్లు షుగరు వచ్చే వయసుకు చేరలేదు. మనకు గుర్తున్నది మిగిలిన తాతలు. ‘మా వంశంలోనే ఉంది, ఏం చేసినా వస్తుంది’ అనేది ఇంకో అభ్యంతరం. వంశపారంపర్యం పొలం లాంటిది, మన అలవాట్ల విత్తనం పడితే తొందరగా మొలుస్తుంది, వాటిని మార్చుకుంటే ఆలస్యమవుతుంది. చైనాలో దాచింగ్ అనే ఊరుంది, మన చంద్రాపూర్‌కు బొగ్గు ఎలాగో దానికి చమురు బావులు అలాగ. 1986లో అక్కడ షుగరు అంచున ఉన్న 577 మందిని తీసుకుని, కొందరికి ఆరేళ్లపాటు తిండి, నడక మార్పులు చేయించారు. 30 ఏళ్ల తర్వాత చూస్తే వాళ్లకు షుగరు సగటున నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, గుండెజబ్బు చావులు మూడో వంతు తగ్గాయి. ‘చైనావాళ్ల ఒళ్లు వేరు’ అనేవారికి చెన్నై ఉంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం అలాగే షుగరు అంచున ఉన్న 531 మందితో చేసిన అధ్యయనంలో, సాధారణ సలహాతో వదిలేసినవాళ్లలో మూడేళ్లలోపే నూటికి 55 మంది షుగరులో పడితే, తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 మందే పడ్డారు. 39 కూడా తక్కువేం కాదు. పూర్తిగా తప్పించుకునే మంత్రం ఎవరి దగ్గరా లేదు.

డబ్బు మాట మిగిలింది. ఇది తేలికగా కొట్టెయ్యగలిగింది కాదు. రేషన్ దుకాణంలో బియ్యం ఉచితంగా వస్తుంటే జొన్నలు కొనమని కూలి మనిషికి చెప్పడం సులువు, అతను కొనడం కష్టం. తెలంగాణ 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తోంది. దొడ్డుబియ్యం తిని విసిగిన పేదవాడికి అది గౌరవమే, కాదనలేం. అదే సంచిలో రెండు కిలోల పప్పు, నాలుగు కిలోల జొన్న కూడా పడి ఉంటే ఆ గౌరవానికి ఆరోగ్యం తోడయ్యేది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దంది. మన రేషన్ సంచి ఆ మాట విన్నట్టు లేదు. అయితే ఖర్చు లేని మార్పులూ ఉన్నాయి. అన్నం గిన్నె నుంచి ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచడం, అన్నంలో ఉప్పు కలుపుకోకపోవడం, రోజూ కొనే ఖర్రా పొట్లాల లెక్క నెలకు వేసి ఆ డబ్బుతో వేరుసెనగలు కొనడం. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్లు ఇవి చేస్తున్నాం కదా అని వాటిని ఆపకూడదు.

బీపీ నొప్పి పెట్టదు, పక్షవాతం వచ్చేదాకా చాలామందికి తమకు అది ఉన్నట్టే తెలియదు. 30 ఏళ్లు దాటిన ఎవరికైనా బీపీ, షుగరు పరీక్ష ఊరి ఉపకేంద్రంలో, ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో ఉచితంగా చేస్తారు. చేతికి పట్టీ చుట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఈసారి షిఫ్టు సెలవు రోజున మీ ఇంట్లో ‘నాకేం రోగం, రోజూ కష్టం చేస్తా’ అనే మనిషినే ముందుగా వెంటబెట్టుకుని వెళ్లండి.