స్టాక్‌హోమ్ నడిబొడ్డున ఒక కాఫీశాల

స్వీడన్ దేశపు రాజధాని యగు స్టాక్‌హోమ్ నగరమున వ్యాపారమునకు ఆయువుపట్టు ఏ వీథి యని యడిగినచో కుంగ్స్‌గాటన్ పేరే ముందుగా వినవచ్చును. నగరమున కడ్డముగా నిలిచియుండిన యొక ఎత్తైన గులకదిబ్బను నడుమకు త్రవ్వి, దారి తీసి, 1911లో ఈ వీథిని ప్రారంభించిరి. ఆ మీదట 1924, 1925 సంవత్సరములలో దాని కిరువైపుల సుమారు 60 మీటర్ల ఎత్తున లేచిన జంట సౌధములు ఐరోపాలోని తొలి ఆకాశహర్మ్యములలోనివిగా వాసికెక్కినవి. రెండవ ప్రపంచయుద్ధానంతరము సమీపముననే, హోటోర్యెట్ అను సంత మైదానము చెంత, అయిదు కార్యాలయ భవనములు వరుసగా నిర్మింపబడగా ఈ ప్రాంతము వర్తకమునకును కొలువులకును పూర్తిగా నెలవైపోయినది. ఉదయము ఎనిమిది కొట్టుసరికి భూగర్భ రైలు నిలయముల మెట్లనుండి వెలువడు ఉద్యోగులు ఒకరి వెంట నొకరు వడివడిగా పోవుచుందురు; ఎవరికిని ఎవరి మొగము చూచు తీరిక యుండదు. ఇట్టి వీథిలో, 55వ సంఖ్య గల భవనమున, తొందరతో తన కేమియు నిమిత్తము లేనట్లు, 1928 నుండి వేటె-కాటెన్ అను కాఫీశాల నడచుచున్నది.

తలుపు తీసికొని లోనికి అడుగిడినవారికి మొదట నెదురగునది కూర్చుండు తావు కాదు, రొట్టెల యంగడి. కోరిన తినుబండారమును అద్దపు బీరువా వెనుకనున్నవారికి చూపి, పైకము చెల్లించి, పళ్లెరమును మనమే చేతబట్టి లోపలికి పోవలెను. ఆ నగరమున పెక్కు అంగళ్లు నోట్లను, నాణెములను ముట్టవు గనుక చేత కార్డుండుట మేలు. లోపల ఒక్క విశాలమైన హాలుండునని తలచి పోయినవారికి అట్టిది కనబడదు. చిన్న గదులు, వాని ప్రక్కన మఱికొన్ని చిన్న గదులు, నడుమ మలుపులు, వెనుకటి తరము వారి యిండ్లలోని వలె మెత్తని పాతకాలపు కుర్చీలు, మోచేతులు తగులునంత దగ్గరగా బల్లలు. ఒక మూల వృద్ధురాండ్రిద్దరు టోపీలు తీసి ప్రక్కన నుంచుకొని మెల్లగా మాటలాడుకొనుచుందురు. వేరొక మూల మెడలో గుర్తింపు కార్డులు వ్రేలాడుచున్న నలుగురుద్యోగులు, వచ్చిన పని ఇదియే యన్నట్లు, నిబ్బరముగా కాఫీ త్రాగుచుందురు.

నేడు లోకమంతట "స్కాండినేవియా తరహా" యని చెప్పబడు కాఫీశాలను తలచుకొన్నంతనే తెల్లని గోడలు, లేతరంగు కఱ్ఱకుర్చీలు, ఒక మూల పచ్చని మొక్క, మఱేమియు లేని ఖాళీ కన్నుల ముందు మెదలును. స్కాండినేవియా దేశములలో నొకటియైన స్వీడన్ రాజధాని నడిబొడ్డున తొమ్మిది దశాబ్దములకు పైగా నిలిచియున్న యీ శాలలో ఆ అలంకారములేవియు ప్రధానములు కావు. అయినను అందు కూర్చున్నవానికి కలుగు స్వస్థత, సుఖము ఆ తరహాకే చెందినవని ఒప్పుకొనక తప్పదు. అట్లైన ఆ సుఖమునకు మూలమెచ్చట నున్నది? నా మట్టుకు నాకు అది గోడలలోను కుర్చీలలోను గాక, పట్టపగలు పనివేళలో కాలును నిలిపి కూర్చుండుటకు ఆ సమాజము తన ప్రజలకిచ్చిన అనుమతిలో నున్నదని తోచుచున్నది. ఆ అనుమతి ఒక్కనాడు లభించినది కాదు. దాని వెనుక చిత్రమైన చరిత్ర కలదు.

చరిత్రకు పూర్వము పళ్లెరము సంగతి. కాఫీకి తోడుగా అచ్చట ఎక్కువగా గొనబడునది ఏలకి బన్ను. పాలు, వెన్న, చక్కెర కలిపి పులియబెట్టిన పిండిలో ఏలకి గింజలను మెత్తని పొడిగా గాక, పంటి కిందికి వచ్చునట్లు బరకగా దంచి కలుపుదురు. ఆ పిండిని పలుచగా పఱచి, పైని మఱల వెన్నయు చక్కెరయు ఏలకియు పూసి, మడిచి, పట్టీలుగా కోసి, ఒక్కొక్క పట్టీని మెలిపెట్టి ముడివేసి కాల్చుదురు. బన్నును విఱిచి చూచినచో పొరల నడుమ నల్లని గింజపలుకులు కనబడును; నోట నుంచుకొన్నంతనే తెలుగు నాలుకకు పరమాన్నము జ్ఞప్తికి రాక మానదు. అందు వింతయు లేదు. ఏలకి పుట్టినిల్లు మన పడమటి కనుమలే. నేడు ప్రపంచ విపణిలోనికి వచ్చు ఏలకులలో పెద్దపాలు గ్వాటిమాలా దేశమున పండుచున్నను, ఉత్తరధ్రువమునకు చేరువనున్న చలిదేశీయులు ఈ ఉష్ణదేశపు సుగంధద్రవ్యమును తమ నిత్యాహారమున నింతగా కలుపుకొనుట ముచ్చటగొలుపును. ఫలహారములలో రాణి యనదగినది మఱియొకటి కలదు: మెత్తని కేకు పొరల నడుమ రాస్ప్‌బెర్రీ పండ్ల జామును, వనిలా పాలమీగడను నింపి, పైని బాదం ముద్దతో చేసిన లేత ఆకుపచ్చని తొడుగు కప్పి, నడినెత్తిన ఒక గులాబి నుంచిన "రాకుమార్తెల కేకు". స్వీడన్ రాజవంశపు కన్యలు మువ్వురకు గృహవిద్యలు నేర్పిన యెన్నీ ఓకర్‌స్ట్రోమ్ అను ఉపాధ్యాయిని దీనిని ప్రచారమునకు దెచ్చెను. ఆ కన్యలకు ప్రీతికరమైనదగుటచే దాని కా పేరు నిలిచినది.

ఇక కాఫీ. నేడు తలసరి కాఫీ వాడుకలో లోకమునకెల్ల ముందు నడచు దేశములలో నొకటియైన స్వీడన్ ఒకప్పుడు ఆ పానీయమును చట్టముచే నిషేధించినదన్న నమ్మశక్యము గాదు. విదేశీ సరకునకై దేశధనము వ్యర్థమగుచున్నదని తలచి ప్రభుత్వము 1756లో తొలిసారి కాఫీని నిషేధించెను. పిమ్మట ఎత్తివేయుట, మఱల విధించుట పలుమార్లు జరిగి, 1820 ప్రాంతముల గాని ఆ గొడవ సద్దుమణగలేదు. సుప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ సైతము కాఫీ యనారోగ్యకరమని నిరసించిన పక్షమువాడే. మూడవ గుస్తావ్ రాజును గూర్చి ఒక జనశ్రుతి కలదు: మరణశిక్ష పడిన కవల సోదరులిద్దరిలో ఒకనికి దినదినము కాఫీయు, రెండవవానికి తేనీరును త్రాగించి, ఎవరు ముందు చత్తురో చూడుడని వైద్యుల కాజ్ఞాపించెనట, ఫలితము తేలకమునుపే వైద్యులు పోయిరి, 1792లో రాజు హత్యకు గురియయ్యెను, తేనీరు త్రాగినవాడే ముందుగా మరణించెనని కథ ముగియును. నిజమెంత యైనను, నిషేధించిన కొలది కాఫీపై మోజు పెరిగినదన్నది మాత్రము సత్యము.

పందొమ్మిదవ శతాబ్దాంతమున మద్యపాన వ్యతిరేకోద్యమము ఆ దేశమున ప్రబలముగా వ్యాపించినప్పుడు, నిన్నటి నిషిద్ధ పానీయమే నేటి సద్వర్తన చిహ్నమై కూర్చున్నది. సంపూర్ణ మద్యనిషేధము కావలయునా వలదా యని 1922లో ప్రజాభిప్రాయమును సేకరింపగా, అతిస్వల్పమైన ఆధిక్యముతో "వలదు" అన్న పక్షము నెగ్గెను. అయినను మనిషికింతయని మద్యమును కొలిచి యిచ్చు చిట్టా పుస్తకముల పద్ధతి 1955 వరకు అమలులో నుండెను. ఆ కాలముననే, 1928లో, ఎస్తర్ నోర్డ్‌హామర్ అను మహిళ కుంగ్స్‌గాటన్‌లో తన మిఠాయి కాఫీశాలను తెఱచి, పనికి స్త్రీలనే నియమించుకొనెను. మద్యశాల పురుషుల సొత్తుగా నున్న దినములలో, ఒంటరిగా వచ్చిన యువతి యైనను, కొలువు చేయు గుమాస్తా యైనను, ఎవరి దృష్టికిని తక్కువ గాకుండ గంటసేపు కూర్చుండి లేవదగిన తావు నగరమధ్యమున దొరకుట సామాన్య విషయము కాదు. ఈ శాలనుండి కొలదిదూరము నడచినచో హోటోర్యెట్ చెంత 1926లో వెలసిన సంగీత మందిరము కనబడును. ఏటేట డిసెంబరు 10న నోబెల్ బహుమానములలో అధికభాగము ప్రదానము చేయబడునది అచ్చటనే. విశాఖపట్టణమున బాల్యమును గడపి, అచ్చటనే చదువునకు పునాది వేసికొన్న చంద్రశేఖర వేంకటరామన్ 1930లో ఆ వేదికపై నోబెల్ పతకమును స్వీకరించునాటికి ఈ కాఫీశాల వయస్సు రెండేండ్లు.

కాలక్రమమున ఈ కాఫీ విరామము ఇంటినుండియు అంగడినుండియు కార్యాలయమునకు ప్రాకినది. దానికి వారి మాట "ఫీకా". ఉదయము పది గంటల వేళ నొకసారి, మధ్యాహ్నము మూడు గంటల వేళ నొకసారి బల్లలు విడిచి లేచి, ఒకచోట చేరి, కాఫీయు ఏదో యొక తీపియు పుచ్చుకొని, పనికి సంబంధింపని మాటలాడుకొనుట పెక్కు సంస్థలలో నిత్యకృత్యము. దీనికి ఆచారమే కాదు, చట్టపు బలమును కలదు: 1982 నాటి పనివేళల చట్టము ప్రకారము ఎవరిచేతను వరుసగా అయిదు గంటలకు మించి పని చేయింపరాదు, అదిగాక అవసరమైనప్పుడు స్వల్ప విరామములు తీసికొనుటకు వీలగునట్లు యజమాని పనిని ఏర్పఱుపవలెను, ఆ స్వల్ప విరామములను పనివేళలోనే లెక్కింపవలెను. స్టాక్‌హోమ్ శివారున నున్న కిస్టాలో కంప్యూటరు కొలువులు చేయుచున్న మన తెలుగువారు పెక్కురు కలరు. చేరిన క్రొత్తలో, పై అధికారి స్వయముగా కప్పు చేతబట్టి వచ్చి అందరితోపాటు బల్లచెంత కూర్చుండుట, రాక తప్పించుకొన్నవానిని "పనిమంతుడు" అని మెచ్చుకొనకపోగా పొత్తు కుదరని మనిషిగా చూచుట, వారికి వింతగా తోచుట సహజమే.

ఈ విరామమునకు ప్రకృతియు తోడ్పడినది. డిసెంబరు నడుమ స్టాక్‌హోమ్‌లో సూర్యుడు ఉదయము తొమ్మిదికి కొంచెము ముందుగా పొడమి, మధ్యాహ్నము మూడైనను కాకమునుపే క్రుంకును. చీకటిలో కొలువునకు వచ్చి చీకటిలో ఇల్లు చేరువానికి వెలుతురు అపురూపమగుటచే, దానిని మలచుటలో ఉత్తరదేశపు శిల్పులు ఆఱితేఱిరి. డెన్మార్కునకు చెందిన పోల్ హెన్నింగ్‌సెన్ 1920ల నుండి రూపొందించిన దీపములను చూడుడు: ఒకదాని క్రింద నొకటిగా అమర్చిన రేకుల గొడుగుల నడుమ బల్బు దాగియుండును, కాంతి రేకులను తాకి క్రిందికి జాఱి బల్లపై పఱచుకొనును గాని, కంటిలో గ్రుచ్చుకొనదు. గది యంతయు ఒక్కతీరుగా వెలిగింపక, మనిషి కూర్చున్న చోటికి మాత్రము వెచ్చని వెలుగు నిచ్చుట ఇందలి మర్మము.

ఇటీవలి కాలమున ఈ తరహా దేశదేశముల సంచరింపసాగినది. కాఫీ కలుపు నేర్పులో ప్రపంచ పోటీలు 2000లో తొలిసారి జరిగినప్పుడు నార్వే దేశీయుడే విజేత యయ్యెను. గింజను నల్లగా మాడ్చక లేతగా వేయించి, పండు పులుపును నిలుపుకొను వారి పద్ధతిని నేడు పలు నగరములవారు అనుసరించుచున్నారు. ఓస్లోలో 1963లో వెలసిన ఫుగ్లెన్ అను కాఫీశాల 2012లో టోక్యోలో శాఖను తెఱచినది. మన హైదరాబాదు మాదాపురమునందును తెల్లగోడల కాఫీశాలలకు కొదువలేదు. కుర్చీలు వచ్చినవి, దీపములు వచ్చినవి, లేత వేపుడు గింజలును వచ్చినవి. అయితే ఆ కుర్చీలపై కూర్చున్నవారిలో పలువురు ల్యాప్‌టాప్ తెఱచి, చెవులలో తీగలు పెట్టుకొని, ఆఫీసునే అచ్చటికి మోసికొని వచ్చినవారు. అది వారి తప్పు కాదు. సామగ్రిని ఓడలపై దింపుకొనవచ్చును గాని, విరామమును కొలువిచ్చినవాడే ఇవ్వవలెను. కావున ఇట్టి శాల నిజముగా ఆ తరహాకు చెందినదో కాదో తెలిసికొన గోరువారు గోడల రంగును పరిశీలింపనక్కరలేదు. ప్రక్కనున్న కార్యాలయపు అధికారి మిట్టమధ్యాహ్నము తన గుమాస్తాతో గలిసి అందు వట్టిమాటలాడుచు కూర్చుండియుండగా, చూచిన వారెవరును దానిని వింతగా నెంచకున్నచో, అది చాలును.