ఇంటిపేరు ఒకటైతే రక్తసంబంధం ఉన్నట్టేనా?

పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఇరువైపులా ఇంటిపేరు ఒకటేనని తేలితే, ‘అన్నాచెల్లెళ్ల వరస’ అంటూ మాటలు అక్కడితో ఆపేసే కుటుంబాలు ఎన్నో. ఇంటిపేరు కలిసినంత మాత్రాన బంధుత్వం ఉన్నట్టేనా?

తెలుగు ఇంటిపేర్లలో చాలావరకు ఊరి పేర్లే. వలస వచ్చినవారిని వారి పాత ఊరి పేరుతో పిలవడం వల్ల ఏర్పడినవి. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాలవారు కదిలితే అందరికీ అదే ఇంటిపేరు దక్కేది. 1955లో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డిది, 2016లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్న సఫాయి కార్మికుల ఉద్యమ నేత బెజవాడ విల్సన్‌ది ఒకటే ఇంటిపేరు. సామాజిక నేపథ్యాలు మాత్రం పూర్తిగా వేరు. ఉత్తరాదిలో సింగ్, పటేల్ వంటి పేర్లైతే కోట్లమందికి, లక్షల మందికి ఉంటాయి. వాటితో బంధుత్వం తేల్చడం అసాధ్యం.

తండ్రి వైపు పేరే లెక్క

ఇంటిపేరు తండ్రి నుంచే వస్తుంది. పది తరాలు వెనక్కి వెళితే ఒక మనిషికి లెక్క ప్రకారం 1,024 మంది పూర్వీకులు. ఇంటిపేరు చెప్పేది అందులో ఒక్కరి సంగతే. మేనమామ కూతురి ఇంటిపేరు వేరు. అయినా ఆమెతో సగటున ఎనిమిదో వంతు జన్యువులు కలుస్తాయి. అక్క కూతురితోనైతే నాలుగో వంతు. జన్యుపరమైన వ్యాధుల ముప్పు ఇలాంటి దగ్గరి పెళ్లిళ్లలోనే ఎక్కువ. వాటికి అడ్డు చెప్పని పెద్దలే, ఏ చుట్టరికమూ తెలియని ఒకే ఇంటిపేరు సంబంధాన్ని కాదంటారు.

చట్టం ఏమంటోంది?

సగోత్ర వివాహాలకు ఉన్న అడ్డంకిని 1946లోనే చట్టం తొలగించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం చూసేది ఇంటిపేరును కాదు, దగ్గరి బంధుత్వాన్ని. తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాల లోపు సపిండుల మధ్య పెళ్లి కుదరదు. ఆచారం ఉన్నచోట మినహాయింపు ఉంది. మేనరికాలు చెల్లుతున్నది అందుకే.

ఈ తేడా తెలియకపోవడం ప్రాణాల మీదికీ తెస్తోంది. సగోత్రీకులై పెళ్లి చేసుకున్నారని 2007లో హరియాణాలో ఒక యువ జంటను చంపేశారు. ఇష్టపడిన మేజర్ల పెళ్లిలో ఖాప్ పంచాయతీల జోక్యం చట్టవిరుద్ధమని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బంధుత్వం తేల్చుకోవాలంటే అడగాల్సింది ఇంటిపేరు ఒక్కటే కాదు. ఇరువైపుల తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఎవరి బిడ్డలో, ఏ ఊరివారో అడగాలి.