కిడ్నీ రాళ్ళ ఆపరేషన్ తర్వాత రక్తం పడితే...

ఎండలు మండే మన ప్రాంతంలో కిడ్నీ రాళ్ళ బాధ కొత్తేమీ కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పొలాల్లో పనిచేసేవారికి చెమట రూపంలో నీరంతా పోతుంది. తగినంత నీళ్ళు తాగకపోతే మూత్రం చిక్కబడి రాళ్ళు ఏర్పడతాయి.

పెద్ద రాళ్ళకు ఇప్పుడు ఎక్కువగా పి.సి.ఎన్.ఎల్. అనే ఆపరేషన్ చేస్తున్నారు. వీపు వైపు సుమారు ఒక సెంటీమీటరు రంధ్రం చేసి, సన్నని గొట్టం ద్వారా రాయిని పగలగొట్టి తీస్తారు. 1976లో స్వీడన్ డాక్టర్లు ఈ పద్ధతిని ప్రచురించారు. కోత చిన్నది, కొద్ది రోజుల్లోనే ఇంటికి పోవచ్చు. అయితే కోత చిన్నదని ఆపరేషన్‌ను తేలికగా తీసుకోకూడదు.

రక్తం ఎందుకు పడుతుంది?

గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే వెళ్తుంది. రంధ్రం చేసేటప్పుడు లోపలి ధమనికి గాయమైతే, అక్కడ గోడ బుడగలా ఉబ్బవచ్చు. ఆ బుడగ తరచుగా ఒకటి నుంచి మూడు వారాల లోపు పగులుతుంది. అప్పటికి రోగి ఇంట్లో ఉంటాడు! ఇలా జరిగేది నూటికి ఒకరికి అటూ ఇటుగా మాత్రమే. కానీ ఆలస్యం చేస్తే ప్రాణాపాయం.

ఏది మామూలు? ఏది ప్రమాదం?

మొదటి కొద్ది రోజులు మూత్రం లేత గులాబీ రంగులో రావడం మామూలే. లోపల స్టెంట్ ఉంటే అది తీసేవరకు అప్పుడప్పుడు అలా కనిపించవచ్చు. నీళ్ళు తాగి విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది.

ఈ క్రింది లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు:

* మూత్రం ఎర్రగా, రక్తంలా రావడం
* గడ్డలు పడటం, మూత్రం బిగుసుకుపోవడం
* కళ్ళు తిరగడం, చల్లని చెమటలు, గుండె దడ
* నడుములో నొప్పి పెరగడం, చలితో జ్వరం

108కు ఫోన్ చేయండి. మోటార్ సైకిల్ మీద తీసుకుపోవద్దు. డిశ్చార్జి కాగితాలు వెంట ఉంచుకోండి.

చికిత్స ఉందా?

ఉంది. తొడ దగ్గరి రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి, రక్తం కారే చోటును మూసివేస్తారు. దీనిని ఎంబొలైజేషన్ అంటారు. కిడ్నీ తీసివేయవలసి రావడం చాలా అరుదు. అయితే ఈ సౌకర్యం అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. కడప నుంచి తిరుపతికే సుమారు 140 కిలోమీటర్లు. కాబట్టి డిశ్చార్జికి ముందే, "రాత్రి వేళ రక్తం పడితే ఎక్కడికి రావాలి? ఎవరికి ఫోన్ చేయాలి?" అని డాక్టరుగారిని అడిగి వ్రాయించుకోండి.

ముందుగా ఏం చేయాలి?

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు వాడుతుంటే ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు ఆపవద్దు. ఆపరేషన్ తర్వాత డాక్టరు చెప్పనిదే తిరిగి మొదలుపెట్టవద్దు. బి.పి., షుగర్ అదుపులో ఉంచుకోండి. ఇంటికి వచ్చాక మూడు, నాలుగు వారాలు నీళ్ళ బిందెలు, శెనగ మూటలు ఎత్తవద్దు.

ఇంట్లో మరొకరికి కూడా ఈ లక్షణాలు తెలియాలి. రోగికి కళ్ళు తిరిగితే ఫోన్ చేయవలసింది వారే.