సింగపూర్ రేవులో డ్రైవర్ లేని లారీ

సింగపూర్ అంటే మన రీల్స్‌లో ఏముంటుంది? నోట్లోంచి నీళ్లు చిమ్మే సింహం బొమ్మ, మూడు టవర్ల మీద స్విమ్మింగ్ పూల్. అదే ఊహించుకుని వెళితే మొదటి షాక్ విమానం కిటికీలోనే తగులుద్ది. ఛాంగీలో దిగబోయే ముందు కింద సముద్రం నిండా ఓడలే. మనుబోలు హైవే పక్కన హోటళ్ల ముందు లారీలు ఆగినట్టు, ఏ తొందరా లేకుండా నిలబడి ఉంటాయి.

మాది మనుబోలు. కృష్ణపట్నం రేవు దగ్గరే. కాబట్టి రేవంటే నాకు తెలిసింది దుమ్ము, హారన్లు, టీ బంకులు. సింగపూర్లో అవేవీ దొరకవు. అసలు సముద్రమే సరిగ్గా కనబడదు! మెరీనా బేలో అందరూ సెల్ఫీ దిగే నీళ్లు ఉప్పునీళ్లు కావు. 2008లో బ్యారేజీ కట్టి సముద్రాన్ని బయటే ఆపి, దాన్ని మంచినీళ్ల చెరువు చేసేశారు. తాగేనీళ్లకి పక్కనున్న మలేసియా మీద ఆధారపడే దేశం మరి. (మన కండలేరు నీళ్ల కోసం చెన్నై ఎదురుచూడటం తెలిసినోళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.) బీచ్ రోడ్ అని ఒక వీధి ఉంది, అక్కడ బీచ్ లేదు. ఒకప్పుడు ఒడ్డు అదే. సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు. 1960ల్లో 580 చదరపు కిలోమీటర్లున్న దేశం ఇప్పుడు 730 దాటింది.

రేవు చూడాలంటే మౌంట్ ఫేబర్ నుంచి సెంటోసాకి కేబుల్ కారెక్కాలి. రంగురంగుల కంటైనర్లు, ఎత్తైన క్రేన్లు. షాంఘై తర్వాత ప్రపంచంలో పెద్ద కంటైనర్ రేవు ఇదే. 20 అడుగుల పెట్టె లెక్కన 2024లో 4 కోట్లకు పైగా వచ్చి పోయాయి.

అయితే ఊరి నడిమధ్యనున్న ఈ టెర్మినళ్లు 2027కల్లా ఖాళీ చేస్తారట. అంతా పడమటి చివరనున్న తువాస్‌కి పోతుంది. 2022లో అధికారికంగా మొదలైన ఆ రేవులో కంటైనర్లు మోసే బండ్లకి డ్రైవర్ ఉండడు. బ్యాటరీతో నడుస్తాయి, నేలలో పాతిన ట్యాగులు దారి చెబుతాయి. మనలాంటోళ్లని లోపలికి రానీరు గానీ, వీడియోలున్నాయి, చూడండి. కోడ్ రాసేవాడిగా నాకు ముచ్చటేసింది. మనుషులు చాలక బయటినుంచి తెచ్చుకునే దేశానికి ఆ లెక్క సరిపోద్ది కూడా. మన దగ్గర ఒక్క లారీ వెనక డ్రైవరు, క్లీనరు, పంక్చర్ షాపు, మెస్సు ఉన్నాయి. అదే లెక్క తెచ్చి మనకీ అంటించేస్తే ఒప్పుకోను.

ఆదివారం లిటిల్ ఇండియాకి వెళ్లండి. వారమంతా కష్టపడినోళ్లు తమిళం, బెంగాలీ, తెలుగు మాట్లాడుతూ వీధులు నింపేస్తారు. టెక్కా మార్కెట్‌లో టీ తాగుతుంటే పక్కనాయన నా ఫోన్ మాటలు విని, "ఏ ఊరబ్బయా మీది?" అన్నాడు. ఆయనది ముత్తుకూరు వైపు. రేవులో పని. ఓడ మీద కంటైనర్లు కదలకుండా ఇనప రాడ్లు బిగిస్తాడు.

"బండికి డ్రైవర్ పోయాడు గానీ, రాడ్లు బిగించేది ఇప్పటికీ మనుషులే తమ్ముడూ. ఎండలో డెక్కు మీద అట్టు పోసుకోవచ్చు" అన్నాడు. కాసేపాగి, "మీ సాఫ్ట్‌వేరోళ్లు దీనిక్కూడా ఏదన్నా కనిపెడతన్నారా?" అని అడిగాడు.

"చూస్తన్నారన్నా" అన్నాను.

టీ డబ్బులు నన్ను ఇవ్వనీలేదు. తెల్లారుజామునే షిఫ్టుందని లేచాడు.