ఖర్జూరం కొన్నాళ్లు ఆగవచ్చు

అరకులోయలో చిన్న దుకాణం నడుపుకునే ఒక కుటుంబంలో చలికాలంలో ఆడబిడ్డ పుట్టింది. మరునాడు విశాఖపట్నంలోని ఆసుపత్రి నుండి బిడ్డ తాతగారు మాకు ఫోన్ చేశారు. గొంతులో దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉన్నది. "మౌలానా, బిడ్డ చెవిలో అజాన్ ఇచ్చాను. తహ్నీక్ చేద్దామంటే నర్సు ఖర్జూరం ముట్టించనివ్వడం లేదు. సున్నత్‌ను ఆపడానికి ఆమె ఎవరు?"

ఫోన్ ఆ నర్సుకే ఇవ్వమన్నాము. బిడ్డ నోటి నుండి నురగ ఆగకుండా వస్తున్నదని ఆమె చెప్పింది. అన్నవాహిక పైభాగం సంచిలా మూసుకుపోయి ఉన్నది. కింది భాగం శ్వాసనాళంలోకి తెరుచుకున్నది. ఇటువంటి శిశువు నోట ఏది వేసినా కడుపులోకి దిగదు, ఊపిరితిత్తుల పాలవుతుంది. సొంత లాలాజలమే ప్రమాదం. అందుకే సన్నని గొట్టంతో దానిని తోడివేస్తూ, తల ఎత్తుగా ఉంచి, శస్త్రచికిత్స వరకు కాపలా కాస్తున్నారు.

ఖుబాలో అస్మా (రజి) గారి బిడ్డ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్‌కు ప్రవక్త (స) స్వయంగా ఖర్జూరం నమిలి నోట పెట్టారు. తహ్నీక్ సున్నత్ అనడంలో సందేహం లేదు. అయితే ధర్మవేత్తలు దానిని ముస్తహబ్ అన్నారు, ఫర్జ్ అనలేదు. ప్రాణం కాపాడటం ఫర్జ్. అఖీఖా కూడా ఏడవ రోజున వీలుకాకుంటే తరువాత చేసుకోవచ్చు. ఇదంతా విని పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "అయితే ఖర్జూరం జేబులోనే ఉంచుకుంటాను" అన్నారు.

తేనె, ఘుట్టీ, ఆముదం విషయమూ ఇంతే. పుట్టగానే ఏదో ఒకటి నాకించడం అన్ని మతాల ఇళ్లలోనూ ఉన్న అలవాటే.

అరకు నుండి విశాఖకు సుమారు 115 కిలోమీటర్లు, అందులో అనంతగిరి ఘాట్ రోడ్డు. రోడ్డు లేని గూడేల వారు డోలీలో మోసుకుని రావలసిందే. ఆ చలిలో పసికందు ఒంటి వేడి 36.5 డిగ్రీల కంటే పడిపోతే శస్త్రచికిత్సకు తట్టుకునే శక్తి తగ్గుతుంది. పేగులు బయటకు వచ్చిన బిడ్డనైతే వాటిని శుభ్రమైన ప్లాస్టిక్‌తో కప్పి పక్కకు పడుకోబెట్టి తేవాలి. వెన్నుపై తిత్తి ఉంటే బోర్లా పడుకోబెట్టాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం ప్రసవం జరిగిన చోటనే బిడ్డను పరీక్షించాలి. ఇంట్లో పుడితే ఆశా కార్యకర్త వచ్చి చూడాలి. మలద్వారం ఉన్నదో లేదో చూడటానికి యంత్రం ఏదీ అక్కరలేదు. అయినా అది చూడక రోజులు గడిచిపోతుంటాయి!

పసిబిడ్డకు నొప్పి తెలియదని ఒకప్పుడు వైద్యులే నమ్మేవారు. 1987లో ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టర్ ఆనంద్ బృందం, నెలలు నిండని శిశువులకు తగిన మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేస్తే వారి కోలుకోవడం మెరుగ్గా ఉన్నదని లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. నేడు నర్సులు ముడిపడిన కనుబొమలు, బిగిసిన పిడికిళ్లు చూసి నొప్పిని గుర్తిస్తారు.

మరి తల్లి? ఆమెను అత్తవారు గ్రహణం పేరు చెప్పి నిందిస్తున్నారని తరువాత తెలిసింది. ప్రవక్త (స) తమ కుమారుడు ఇబ్రాహీం మరణించిన నాటి గ్రహణాన్ని సైతం ఆ మరణానికి ముడిపెట్టనివ్వలేదు. ఇది వారికి గట్టిగానే చెప్పాము. ఆ తల్లికి అప్పుడు కావలసినది రెండు మూడు గంటలకొకసారి పాలు పిండి దాచే వెసులుబాటు. బిడ్డ తాగకున్నా పిండకపోతే పాలు తగ్గిపోతాయి. ఆ పని దగ్గరుండి నేర్పినదీ ఆ నర్సే.

శస్త్రచికిత్స జరిగిన వారానికి, అతుకు కారడం లేదని ఎక్స్‌రేలో చూసిన తరువాత, పాలు చుక్క చుక్కగా మొదలుపెట్టారు. అల్‌హందులిల్లాహ్, బిడ్డ మింగింది. ఇంటికి పంపే ముందు తాతగారు ఈసారి మాకు ఫోన్ చేయలేదు. నేరుగా నర్సు దగ్గరికే వెళ్లి అడిగారట. ఆమె డాక్టరును కనుక్కుని వచ్చి, ముక్క లేకుండా కాస్త రసం మాత్రమే, అదీ చేతులు కడుక్కుని, అన్నదట.