కొండల మధ్య మోడల్ విమానం... ఏ ఇంజన్ కొనాలి?

‘అన్నా, ఏ ఇంజన్ కొనమంటావ్?’

రేడియో కంట్రోల్ విమానాలు ఎగరేస్తానని తెలియగానే కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. రీల్స్‌లో కనిపించేది ముక్కు మీద గిర్రున తిరిగే ఫ్యానే కదా! అందుకే విమానం సంగతి తేల్చకుండానే ఇంజన్‌కి ఆర్డర్ పెట్టేస్తారు. కానీ ఈ హాబీలో వరస తిరగేసి ఉంటుంది. ముందు విమానం, దాని బరువు, ఎగరేసే చోటు. ఆ తర్వాతే ఇంజన్.

మాది గుమ్మలక్ష్మీపురం, పార్వతీపురం మన్యం జిల్లా. చుట్టూ కొండలు, జీడితోటలు, మధ్యలో మడులు. ఇక్కడ హాబీ షాపు లేదు. చిన్న స్క్రూ పోయినా ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. కాబట్టి సిటీ కుర్రాడికి సరిపోయే ఇంజన్ మనకి సరిపోవాలని లేదు.

మొన్నటి జీడిపిక్కల సీజన్లో మా పిన్ని కొడుకు తోటపనికెళ్లి తొమ్మిది వేలు కూడబెట్టాడు. విశాఖలో ఎవరో సెకండ్‌హ్యాండ్ గ్లో ఇంజన్ అమ్ముతున్నారట. ‘సౌండ్ ఇరగదీస్తాదన్నా’ అంటాడు. పిన్నికేమో భయం. ‘ఆ డబ్బు పోతే పోయింది, ఇంట్లో నిప్పు పెట్టుకుంటాడేమో చూడు నాయనా’ అంది. ఇద్దరినీ కూర్చోబెట్టి ఏం చెప్పానో అదే మీకూ చెబుతాను.

ఆముదంతో తిరిగే ఇంజన్

గ్లో ఇంజన్‌ని చూస్తే ఎవరికైనా మనసవుతుంది. గుప్పిట్లో పట్టేంత ఉంటుంది, నిమిషానికి పది వేలకు పైగా తిరుగుతుంది. స్పార్క్ ప్లగ్ ఉండదు. చిన్న గ్లో ప్లగ్‌కి 1.5 వోల్టుల బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేస్తాం. ఒక్కసారి అందుకున్నాక బ్యాటరీ తీసేయొచ్చు. ప్లగ్‌లోని ప్లాటినం తీగ ఆ వేడికే ఎర్రగా వెలుగుతూ ఇంధనాన్ని మండిస్తూ ఉంటుంది. దీన్ని 1947లో అమెరికాలో రే ఆర్డెన్ మార్కెట్లోకి తెచ్చాక మోడల్ విమానాల తీరే మారిపోయింది.

ఇంధనం పెట్రోలు కాదు, మిథనాల్. అందులో దాదాపు ఐదో వంతు నూనె. ఆ నూనె చాలాకాలం మన ఆముదమే! ఇప్పటికీ చాలామంది కొంత ఆముదం కలుపుతారు. ఎంత వేడెక్కినా ఇంజన్ లోపలి భాగాలు ఒరుసుకుపోకుండా కాపాడుతుంది మరి. పవర్ కోసం కొంచెం నైట్రోమీథేన్ కూడా వేస్తారు.

ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో చేసినవాళ్లు ఇంట్లో ఉంటే అడిగి చూడండి. కోల్‌కతాలో తయారైన ‘అరోరా’ ఇంజన్ల పేరు చెబుతారేమో. విదేశీ ఇంజన్ దొరకడమే గగనమైన రోజుల్లో మన దేశంలో ఎంతోమందికి ఏరోమోడలింగ్ నేర్పినవి అవే.

ఒకటిన్నర మీటర్ల రెక్కలు, రెండున్నర కిలోల బరువుండే ట్రైనర్ విమానానికి 6.5 నుంచి 7.5 సీసీ గ్లో ఇంజన్ సరిపోతుంది. లీటరు ఇంధనంతో మూడు నాలుగు సార్లు ఎగరేయొచ్చు. మరి అభ్యంతరం ఎక్కడ?

నీళ్లలా కనిపించే విషం

అభ్యంతరం ఇంజన్‌తో కాదు, ఇంధనం సీసాతో.

మిథనాల్ చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, వాసన సారాను పోలి ఉంటుంది. కల్తీ సారా తాగి చనిపోయారన్న వార్తల వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే. పది మిల్లీలీటర్లు లోపలికి వెళ్లినా చూపు పోవచ్చు. ఇంకాస్త ఎక్కువైతే ప్రాణమే పోవచ్చు. అందుకే దాని అమ్మకం మీద, నిల్వ మీద ఆంక్షలున్నాయి. పైగా దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. చెయ్యి కాలాకే తెలుస్తుంది.

సారా కొత్తకాని ఊళ్లో, తలుపులు తెరిచే ఉండే ఇంట్లో, అటక మీద అలాంటి క్యాన్ పెట్టుకుంటామా? ‘పిల్లలు ముట్టుకోరులే’ అనుకోవచ్చు. పొలం నుంచి అలసిపోయి వచ్చిన పెద్దాయన సంగతేంటి? ఈ మాట అన్నాక మావాడు సౌండ్ గురించి మళ్లీ ఎత్తలేదు.

గ్లో ఇంజన్ నడపాలని మరీ ఉంటే క్లబ్బు ఉన్న చోట, అనుభవమున్నవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోండి. ఇంధనం తాళం వేసిన పెట్టెలో, పెద్ద అక్షరాలతో ‘విషం’ అని రాసి ఉండాల్సిందే.

పెట్రోల్ దొరుకుతుంది కదా?

నిజమే, పెట్రోల్ ఇంజన్‌కి ఇంధనం వెతుక్కోనక్కర్లేదు. బంకులో కొని టూస్ట్రోక్ ఆయిల్ కలిపితే చాలు, ఖర్చూ తక్కువ. కానీ ఇవి సాధారణంగా 10, 20 సీసీల నుంచి పైకి ఉంటాయి. 20 సీసీ ఇంజన్ పెట్టాలంటే విమానం నాలుగైదు కిలోలు తూగుతుంది. అంత బరువు అదుపు తప్పి మేకల మంద మీదో, మనిషి మీదో పడితే? అది రెండో, మూడో విమానానికి ఆలోచించాల్సిన సంగతి.

ఎలక్ట్రిక్: కాగితం మీదే తేలిపోయే లెక్క

మిగిలింది బ్రష్‌లెస్ మోటార్. దీన్ని ఎంచుకోవడం చాలా తేలిక, ఎందుకంటే అంతా లెక్కే.

నేర్చుకునే విమానానికి కిలో బరువుకి 150 నుంచి 200 వాట్లు కావాలి. మావాడు థర్మాకోల్ షీటుతో చేసుకున్న విమానం బ్యాటరీతో కలిపి 900 గ్రాములు. అంటే గరిష్ఠంగా 180 వాట్లు. మూడు సెల్స్ లిపో బ్యాటరీ సుమారు 11 వోల్టులిస్తుంది. 180ని 11తో భాగిస్తే 16 ఆంపియర్లు. అంతే, మోటార్ సైజు తెలిసిపోయింది.

మోటార్ మీద ‘2212, 1000 కేవీ’ అని ఉంటే కంగారు పడకండి. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల ఎత్తు అన్నది లోపలి స్టేటర్ కొలత. కేవీ అంటే కిలోవోల్టు కాదు. లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. కేవీ ఎక్కువైతే చిన్న ప్రొపెల్లర్, తక్కువైతే పెద్ద ప్రొపెల్లర్. 1000 కేవీకి 9×6 లేదా 10×4.5 అంగుళాలది పెడతారు. స్పీడ్ కంట్రోలర్ మాత్రం 30 ఆంపియర్లది తీసుకోండి. ఎండాకాలంలో ఆ మిగులే దాన్ని కాపాడుతుంది.

2200 ఎంఏహెచ్ బ్యాటరీలో 80 శాతమే వాడాలి. సగటున 10 ఆంపియర్లు లాగితే పది నిమిషాలు ఎగురుతుంది. ‘పది నిమిషాలేనా?’ అనకండి. కొత్తలో ఆ పది నిమిషాలకే చేతులు వణుకుతాయి.

కరెంటు పోయే ఊళ్లలో ఎలా అంటారా? చాలా బ్యాలెన్స్ చార్జర్లు 12 వోల్టుల బ్యాటరీ నుంచి కూడా నడుస్తాయి. మేం ఇన్వర్టర్ బ్యాటరీ వాడతాం. కాకపోతే లిపోకి కూడా నిప్పు భయం ఉంది. ఉబ్బిన బ్యాటరీని చార్జ్ చేయొద్దు. మంచం మీద పెట్టొద్దు, వదిలేసి పడుకోవద్దు. నేల మీద, మట్టిపాత్రలో పెట్టి, పక్కనే ఉండి చార్జ్ చేయండి. వారం పాటు వాడకపోతే ఒక్కో సెల్‌ని 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

కొండ మీద గాలి పలచన

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రమట్టంతో పోలిస్తే అక్కడ గాలి దాదాపు పదో వంతు పలచన. ఇంధనంతో నడిచే ఇంజన్ పీల్చే గాలి ఆ మేరకు తగ్గుతుంది, పవరూ తగ్గుతుంది. సూది తిప్పి మిశ్రమాన్ని మళ్లీ సరిచేసుకోవాలి. విశాఖ బీచ్‌లో కుదిరిన సెట్టింగ్ అరకులో కుదరదు.

మోటార్‌కి ఈ గొడవ లేదు. కాకపోతే ప్రొపెల్లర్‌కీ రెక్కలకీ పట్టు కొంచెం తగ్గుతుంది. అందుకే 150కి బదులు 200 వాట్ల లెక్కే వేసుకోండి. లంబసింగి లాంటి చోట చలికాలం ఉదయాన బ్యాటరీ కూడా బిగుసుకుపోతుంది. ఎగరేసేదాకా జేబులో వెచ్చగా పెట్టుకోండి.

మడుల్లో ఇంకో చిక్కుంది. ఇంజన్ ఆగిపోతే తేలుతూ దిగడానికి చదును చోటు కావాలి. మాకది వరికోతలయ్యాకే దొరుకుతుంది.

పెద్దదే గొప్ప కాదు

2003 ఆగస్టులో మేనార్డ్ హిల్ అనే అమెరికన్ బృందం ఒక మోడల్ విమానాన్ని కెనడా నుంచి ఐర్లాండ్‌కి, అట్లాంటిక్ సముద్రం దాటించింది. సుమారు 3,000 కిలోమీటర్లు, దాదాపు 39 గంటలు. విమానం బరువు ఇంధనంతో కలిపి 5 కిలోల లోపే. ఇంజన్ 10 సీసీ ఫోర్‌స్ట్రోక్. వాళ్లు పవర్ కోసం చూడలేదు, తక్కువ తాగే ఇంజన్ కోసం చూశారు. పనికి తగ్గ ఇంజన్ అంటే అదీ.

ఎగరేసే ముందు

మన విమానాలకూ డ్రోన్ రూల్స్ 2021 వర్తిస్తాయి. వినోదం కోసం, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేయాలి. రెండు కిలోలలోపు ‘మైక్రో’ తరగతి. వ్యాపారానికి కాకపోతే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మ్యాప్‌లో మీ ఊరు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఉంటే 400 అడుగుల వరకే. ఏజెన్సీలో ఇంకో పని కూడా చేయండి: పోలీస్ స్టేషన్లో, ఊరి పెద్దలకీ ముందే చెప్పండి. ఆకాశంలో తెలియనిది కనిపిస్తే ఎవరికైనా అనుమానమే కదా.

మావాడు చివరికి ఎలక్ట్రిక్కే తీసుకున్నాడు. మోటార్, కంట్రోలర్, బ్యాటరీ, చార్జర్, రిమోట్ అన్నీ ఆ తొమ్మిది వేలలోనే సర్దుకున్నాడు. మొదటి విమానం చింతచెట్టుకి తగిలి రెండు ముక్కలైంది. మర్నాడే మోటార్‌కున్న నాలుగు స్క్రూలూ విప్పి, కొత్త థర్మాకోల్ ముక్కుకి బిగించాడు. ఇప్పుడెగురుతున్నది మూడో విమానం. మోటార్ మాత్రం అదే.